రక్తం ఆగని పల్లె గురించి రాసిన హకీం: అబుల్ ఖాసిం జహ్రావీ

ఇస్లామీ చరిత్రలో వైద్యశాస్త్రానికి సేవలందించిన మహనీయులను తలచుకోగానే మన ఇళ్లలో మొదట వినిపించే పేర్లు ఇబ్నె సీనా, అబూబకర్ రాజీ. వారి సరసన నిలువదగిన మరో మహావైద్యుడు అందలూస్ గడ్డపై, అంటే నేటి స్పెయిన్ దేశంలో జన్మించారు. ఆయనే అబుల్ ఖాసిం ఖలఫ్ బిన్ అబ్బాస్ జహ్రావీ. ఐరోపావారు ఆ పేరు పలకలేక అల్బుకాసిస్ అని మార్చుకున్నారు. శస్త్రచికిత్సకు పితామహుడని ఆయనను లోకం గౌరవించింది.

ఆయన గీసి చూపిన పనిముట్ల గురించి, చేసిన చికిత్సల గురించి చాలామంది రాశారు. మేము ఈ శుక్రవారం పాఠకుల ముందుంచదలచింది ఆయన గ్రంథంలో కొద్ది పంక్తుల్లోనే ఉన్న ఒక విషయం. ఒక పల్లెలో గాయమైతే రక్తం ఆగక మగవారు చనిపోతున్నారని ఆయన విన్నారు. దాని కారణం ఆయనకు అంతుపట్టలేదు. అంతుపట్టలేదనే రాశారు. వెయ్యేళ్ల కిందటి ఆ రాత, మగబిడ్డకు ఖత్నా చేయించబోయే ప్రతి తల్లికీ తండ్రికీ నేటికీ అవసరమైన రాత.

జహ్రా నగరపు బిడ్డ

హిజ్రీ 325, అనగా క్రీ.శ. 936లో ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ ఖుర్తుబా నగరానికి పడమరగా కొద్ది మైళ్ల దూరంలో, కొండవాలున ఒక కొత్త రాజనగరాన్ని కట్టించడం ప్రారంభించారు. దాని పేరు మదీనతుజ్జహ్రా. అబుల్ ఖాసిం జననం కూడా సుమారు ఆ సంవత్సరాల్లోనే జరిగింది. ఆ నగరం పేరే ఆయనకు ఇంటిపేరుగా నిలిచి జహ్రావీ అయ్యారు. ఆయన పేరు వెంట అన్సారీ అనే మాట కూడా ఉంది. దైవప్రవక్త (స)కు ఆశ్రయమిచ్చిన మదీనా అన్సార్ల వంశానికి చెందినవారని దాని అర్థం.

ఆ రోజుల్లో ఖుర్తుబా ఐరోపా అంతటిలోనూ పేరుమోసిన నగరం. ఖలీఫా రెండవ హకమ్ 961 నుంచి 976 వరకు పాలించారు. ఆయన గ్రంథాలయంలో 4 లక్షల గ్రంథాలు ఉండేవని చరిత్రకారులు రాశారు. అంతకు ముందే, అబుల్ ఖాసిం చిన్నవాడుగా ఉన్నప్పుడు, రూమీ చక్రవర్తి ఓషధుల గురించిన ఒక గ్రీకు గ్రంథాన్ని ఖలీఫాకు కానుకగా పంపాడు. దాన్ని చదవగలవారు ఖుర్తుబాలో లేకపోవడంతో నికొలాస్ అనే క్రైస్తవ సన్యాసిని 951లో పిలిపించారు. ఆయన, యూద వైద్యుడు హస్దాయ్, ముస్లిం వైద్యులు కలిసి కూర్చుని ఆ గ్రంథంలోని మూలికల పేర్లను ఒక్కొక్కటిగా తేల్చారు. జ్ఞానం ఎవరి వద్ద ఉన్నా వినయంతో స్వీకరించాలన్న సంస్కారం ఆ నగరపు గాలిలోనే ఉండేది. అబుల్ ఖాసిం ఆ గాలి పీల్చి పెరిగినవారు.

ఆయన వ్యక్తిగత జీవితం గురించి చరిత్రలో మిగిలింది చాలా స్వల్పం. అందలూస్ ప్రముఖుల చరిత్ర రాసిన హుమైదీ ఆయనను ధర్మనిష్ఠ గల వ్యక్తిగా, గొప్ప వైద్యుడిగా కొద్ది మాటల్లో స్మరించారు. కాని మనిషిని తెలుసుకోవడానికి ఆయన గ్రంథమే చాలు. రోగి పడక దగ్గర ఆయన ఎలా నిలబడ్డారో అందులోని ప్రతి అధ్యాయం చెబుతుంది.

యాభై ఏళ్ల పని, ముప్పై భాగాల గ్రంథం

ఆ గ్రంథం పేరు కితాబుత్తస్రీఫ్. సుమారు యాభై ఏళ్లు వైద్యం చేసి, క్రీ.శ. 1000 ప్రాంతంలో ఆయన దాన్ని పూర్తి చేశారు. అందులో 30 మఖాలాలు, అంటే 30 భాగాలు ఉన్నాయి. వ్యాధుల లక్షణాలు, మందుల తయారీ, ఆహార నియమాలు, ప్రసూతి, పిల్లల పోషణ, అన్నీ అందులో ఉన్నాయి. చివరిదైన ముప్పయ్యవ మఖాలా శస్త్రచికిత్సకు సంబంధించినది. సుమారు 200 పనిముట్ల బొమ్మలను ఆయన అందులో గీసి, ఏది దేనికి వాడాలో వివరించారు. బొమ్మ చూసి కమ్మరి పనిముట్టును తయారు చేయగలగాలి, శిష్యుడు దాన్ని వాడగలగాలి. ఆయన ఉద్దేశం అది.

శిష్యులను ఆయన బిడ్డలారా అని సంబోధించారు. శరీర నిర్మాణం తెలియనివాడు కత్తి పట్టరాదని వారిని పదే పదే హెచ్చరించారు. మాట గట్టిపడడానికి తాను స్వయంగా చూసిన ఒక ఘోరాన్ని శస్త్రచికిత్స భాగం మొదట్లోనే వారి ముందు పెట్టారు. ఒక స్త్రీకి మెడపై గడ్డ లేచింది. తెలిసీ తెలియని వైద్యుడొకడు ఆ గడ్డను కోశాడు. మెడలోని ధమనులు తెగాయి. రక్తం వరదలా పారి ఆ స్త్రీ అతని ఎదుటే కుప్పకూలి మరణించింది. పేరుప్రతిష్ఠల కోసం, సొమ్ము కోసం తెలియని పనికి చేయి చాచేవారి వల్ల ఇలాంటివి జరుగుతాయని ఆయన బాధపడ్డారు.

రక్తాన్ని ఆపే విద్య

కత్తి పట్టేవాడికి రక్తమే మొదటి శత్రువని జహ్రావీకి బాగా తెలుసు. అందుకే ధమని తెగినప్పుడు రక్తం ఆపడానికి ఆయన నాలుగు మార్గాలు చెప్పారు. మొదటిది కాల్చిన ఇనుముతో వాత పెట్టడం. రెండవది, ధమని సగం తెగి ఉంటే దాన్ని పూర్తిగా తెంచడం. అప్పుడు రెండు కొనలూ లోపలికి ముడుచుకుని రక్తం ఆగుతుంది. మూడవది గట్టి దారంతో ధమనిని బిగించి కట్టడం. నాలుగవది రక్తాన్ని ఆపే మందు వేసి గట్టిగా కట్టు కట్టడం. అన్నిటికంటే ముందు, పనిముట్లు చేతికి వచ్చేవరకు తెగినచోట వేలితో అదిమి పట్టమన్నారు. దారంతో ధమనిని కట్టే పద్ధతిని ఐరోపాలో పదహారవ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు పారే ప్రచారంలోకి తెచ్చాడని వారు చెప్పుకుంటారు. ఆయన పుట్టుకకు ఐదు వందల ఏళ్ల ముందే అది తస్రీఫ్‌లో రాసి ఉంది.

ఖత్నా గురించి కూడా ఆయన ఒక అధ్యాయం రాశారు. యూనానీ ప్రాచీనుల ధర్మంలో ఖత్నా లేదు గనుక వారి గ్రంథాల్లో దాని ప్రస్తావన లేదనీ, తాము అనుభవం ద్వారా నేర్చుకున్నామనీ తెలిపారు. ఆనాడు వాడుకలో ఉన్న పద్ధతులను పోల్చి చూసి, దారం కట్టి కత్తెరతో చేసే పద్ధతే మేలైనదని నిర్ణయించారు. పిల్లవాడికి కత్తెర కనబడకుండా దాచమన్నారు. వాడిని మాటలతో ఉల్లాసపరచమన్నారు. అంత పెద్ద వైద్యుడు చిన్న పిల్లవాడి భయాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. చూశారా పాఠకులారా, ఎంతటి కారుణ్యం!

ఆ పల్లెలో ఆయన విన్నది

ఇక అసలు విషయానికి వస్తాము. తస్రీఫ్ రెండవ మఖాలాలో వందలాది వ్యాధుల వర్ణన ఉంది. అందులో ఒకచోట ఆయన ఒక పల్లె సంగతి రాశారు. ఆ పల్లెలో మగవారికి పెద్ద గాయమైతే రక్తం ఆగక కారుతూనే ఉండి, చివరకు మరణిస్తున్నారని అక్కడివారు ఆయనకు చెప్పారు. ఒక పిల్లవాడు చేత్తో తన చిగుళ్లు రుద్దుకున్నాడు. అంతే, రక్తం మొదలై చనిపోయేవరకు ఆగలేదు. మరొకనికి ఫస్ద్ చేశారు, అంటే నరం కోసి రక్తం తీశారు. అతనికీ రక్తం ఆగలేదు, అతడూ చనిపోయాడు. ఆ పల్లెలో ఎక్కువ మంది మరణాలు ఇలాగే జరుగుతున్నాయని తెలిసింది.

ఇప్పుడు జహ్రావీ ఏం చేశారో గమనించండి. ఆయన రక్తాన్ని ఆపే నాలుగు మార్గాలు తెలిసినవారు. ప్రాచీనుల గ్రంథాలన్నీ చదివినవారు. శిష్యుల ముందు పరువు కాపాడుకోవాలనుకుంటే ఏదో ఒక కారణం కల్పించి రాయవచ్చు. రక్తం వేడెక్కిందనో, పైత్యం కలిసిందనో రాస్తే ఆ రోజుల్లో కాదనేవారు లేరు. ఆయన అలా రాయలేదు. ఇటువంటిది ఈ పల్లెలో తప్ప మరెక్కడా తాను చూడలేదని, ప్రాచీనుల గ్రంథాల్లో కూడా దీని ప్రస్తావన కనబడలేదని, దీని కారణం తనకు తెలియదని రాశారు. చికిత్స మాటకు వస్తే, రక్తం ఆగేవరకు ఆ చోట త్వరగా వాత పెట్టాలని తనకు తోస్తున్నదని, అయితే తాను దాన్ని పరీక్షించి చూడలేదని కూడా చెప్పారు. చూసింది వేరుగా, విన్నది వేరుగా, ఊహించింది వేరుగా పెట్టారు.

గాయాల రక్తం ఆగకపోవడం అంతకు ముందు ఎవరికీ తెలియదని కాదు. ఒక తల్లి బిడ్డలిద్దరు సున్తీ వల్ల మరణిస్తే తర్వాతి బిడ్డకు సున్తీ చేయరాదని యూద ధర్మవేత్తలు రెండవ శతాబ్దంలోనే తీర్పు చెప్పి ఉన్నారు. కాని ఒక వైద్యుడు దాన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించి, అది మగవారిలో కనబడుతున్నదని గమనించి, వైద్యగ్రంథంలో నమోదు చేయడం జహ్రావీతోనే మొదలయిందని వైద్య చరిత్రకారులు అంగీకరిస్తున్నారు. నేడు మనం హిమోఫీలియా అని పిలిచే వ్యాధి అదే.

తెలియదు అనే మాట విలువ

అందలూస్ ముస్లిములు ఇమామ్ మాలిక్ (రహ్మ) మార్గాన్ని అనుసరించేవారు. ఆ ఇమామ్ గారిని ఒకసారి 48 ప్రశ్నలు అడిగితే, 32 ప్రశ్నలకు తనకు తెలియదని బదులిచ్చారని ఉల్లేఖకులు చెబుతారు. దూరం నుంచి ప్రయాణం చేసి వచ్చినవారికి కూడా తెలియనిదాన్ని తెలిసినట్లు ఆయన చెప్పలేదు. తనకు జ్ఞానం లేనిదాని వెంట మనిషి పడరాదని దివ్య ఖురాన్ ఆదేశిస్తున్నది. మస్జిదులో కూర్చుని ఫత్వా చెప్పే ఇమాముకు ఆ ఆదేశం ఎలా వర్తిస్తుందో, రోగి పక్కన కూర్చున్న హకీముకూ అలాగే వర్తిస్తుంది. జహ్రావీ దాన్ని వైద్యంలో ఆచరించి చూపారు.

ఆయన ఏదో ఒక కారణం రాసి ఉంటే తర్వాతివారు దాన్నే వల్లించి ఊరుకునేవారు. ప్రశ్న మూసుకుపోయేది. తెలియదని రాయడం వల్ల ప్రశ్న తెరుచుకుని ఉంది.

నగరం కూలింది, గ్రంథం నిలిచింది

జహ్రావీ వార్ధక్యంలో అందలూస్‌పై కష్టకాలం విరుచుకుపడింది. ఖిలాఫత్ కోసం అంతర్యుద్ధం చెలరేగింది. 1010 ప్రాంతంలో మదీనతుజ్జహ్రా దోపిడీకి గురై పాడుబడింది. ఆయన పుట్టిన నగరం ఆయన కళ్లెదుటే నాశనమయింది. సుమారు 1013లో ఆయన పరమపదించారు. 1031 నాటికి ఖుర్తుబా ఖిలాఫత్ కూడా అంతరించింది. ఆ నగరపు శిథిలాల తవ్వకాలు 1911లో మొదలయ్యాయి. 2018లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

పాలరాతి నగరం తొంభై ఏళ్లయినా నిలవలేదు. కాగితంపై రాసిన గ్రంథం మాత్రం వెయ్యేళ్లు నిలిచింది. పన్నెండవ శతాబ్దంలో తులైతులా, అంటే టొలెడో నగరంలో జెరార్డ్ అనే పండితుడు శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. 1465లో తుర్కీ దేశపు అమాసియాలో షరఫుద్దీన్ సాబుంజూ ఓగ్లూ అనే వైద్యుడు దాని ఆధారంగా రంగుల బొమ్మలతో తుర్కీ గ్రంథం తయారు చేశాడు. లాటిన్ ప్రతి 1497లో వెనిస్‌లో ముద్రణ పొందింది. రక్తం ఆగని పల్లె ప్రస్తావన ఉన్న వైద్యభాగం 1519లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లాటిన్‌లో అచ్చయింది. మన దేశం కూడా ఈ సేవలో వెనుకబడలేదు. శస్త్రచికిత్స భాగం అరబీ మూలం 1908లో లక్నోలో ముద్రణ పొందింది. మన హైదరాబాదులో 1888లో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ రాజీ మహాగ్రంథమైన అల్ హావీని, శస్త్రవైద్యుడు ఇబ్నుల్ ఖుఫ్ గ్రంథాన్ని అచ్చు వేసి లోకానికి అందించింది. పూర్వీకుల విద్యను కాపాడిన నగరంలో మనం నివసిస్తున్నాము. ఆ విద్యను మన ఇంటి పనికి ఉపయోగించుకోవడం కూడా మన బాధ్యతే.

ప్రశ్నకు జవాబు దొరికింది

జహ్రావీ తెలియదని వదిలిన ప్రశ్నకు జవాబు చాలా ఆలస్యంగా వచ్చింది. 1803లో అమెరికాలోని ఫిలడెల్ఫియా వైద్యుడు ఆటో ఒక కుటుంబాన్ని పరిశీలించి, రక్తం ఆగని జబ్బు మగవారికి వస్తుందని, అయితే అది స్త్రీల ద్వారా సంక్రమిస్తుందని రాశాడు. 1828లో హిమోఫీలియా అనే పేరు వచ్చింది. ఇంగ్లాండు రాణి విక్టోరియా కుమారుడు లియోపోల్డ్ 1884లో ఈ జబ్బుతోనే మరణించాడు. ఆమె కుమార్తెల ద్వారా ఇది రష్యా, స్పెయిన్ రాజకుటుంబాలకు కూడా పాకింది. అంటే పేద పల్లెకూ రాజభవనానికీ ఇది తేడా చూపలేదు.

ఇప్పుడు తెలిసిన సంగతి ఇది. మనకు గాయమైనప్పుడు మొదట రక్తంలోని ప్లేట్‌లెట్లు అనే సూక్ష్మకణాలు వచ్చి రంధ్రానికి అడ్డుపడతాయి. ఆ తర్వాత ఫ్యాక్టర్లు అనే మాంసకృత్తులు గొలుసులా ఒకదాన్నొకటి మేల్కొలిపి, చివరకు దారాల వంటి వల అల్లుతాయి. ఆ వలతోనే రక్తం గట్టిగా గడ్డకడుతుంది. ఎనిమిదవ ఫ్యాక్టరు తక్కువైతే హిమోఫీలియా ఎ. తొమ్మిదవది తక్కువైతే హిమోఫీలియా బి. మొదటిది సుమారు 5 వేల మంది మగశిశువుల్లో ఒకరికి వస్తుంది. రెండవది అంతకంటే అరుదు. ఈ జబ్బు ఉన్నవారికి రక్తం ఇతరులకంటే వేగంగా ఏమీ కారదు. కాని చాలాసేపు కారుతుంది. పైకి కనబడే గాయం కంటే మోకాలు, మోచేయి, చీలమండ కీళ్లలోపల కారే రక్తమే పిల్లవాడిని ఎక్కువ బాధిస్తుంది, చివరకు అవిటివాడిని చేస్తుంది. తలలోపల కారితే ప్రాణాపాయం.

వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి అని మరొకటి ఉంది. 1926లో ఒక ఫిన్లాండ్ వైద్యుడు దాన్ని వర్ణించాడు. ఇది ఆడపిల్లలకూ వస్తుంది. నెలసరిలో రక్తస్రావం మరీ ఎక్కువై రక్తహీనతతో నీరసించే ఆడపిల్లలను సిగ్గుపడి ఇంట్లోనే ఉంచకుండా లేడీ డాక్టరుకు చూపించాలి.

ఖత్నాకు ముందు అడగవలసిన ప్రశ్నలు

వనస్థలిపురం, ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల మన కుటుంబాల్లో వేసవి సెలవులు వస్తే ఖత్నాల సందడి మొదలవుతుంది. హిమోఫీలియా ఉన్న ముస్లిం బాలుర విషయంలో ఆ జబ్బు మొదట బయటపడేది చాలాసార్లు ఖత్నా నాడే. అప్పటికి ఇల్లంతా చుట్టాలు, దావత్ వంటలు. పిల్లవాడికి మాత్రం కట్టు మీద కట్టు మార్చినా తడి ఆరదు. అది నజర్ అనో, హజ్జాం చేతివాటం అనో అనుకుంటూ రాత్రంతా గడిపితే ప్రాణం మీదికి వస్తుంది.

కనుక ముహూర్తం పెట్టుకోకముందే ఇంటి పెద్దలు కొన్ని ప్రశ్నలు అడగాలి. పిల్లవాడి అన్నలకు ఖత్నాలో రక్తం ఆగక ఇబ్బంది అయిందా? తల్లి తరఫున మామూలకు, ఖాలాల కొడుకులకు, నానాకు అలాంటిదేమైనా జరిగిందా? చిన్నతనంలో రక్తం పోయి చనిపోయినవారు ఉన్నారా? పిల్లవాడు పాకేటప్పుడు ఒంటిపై పెద్ద పెద్ద కమిలిన మచ్చలు వచ్చాయా? నాలుక కొరుక్కుంటే గంటల తరబడి రక్తం వచ్చిందా? ఉత్త పుణ్యానికి మోకాలు వాచిందా? టీకా వేసినచోట గడ్డలా ఉబ్బిందా? వీటిలో ఏ ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా ఖత్నా ఆపి ముందు డాక్టరును కలవాలి.

పరీక్షల విషయంలో ఒక హెచ్చరిక. చిన్న ల్యాబుల్లో బ్లీడింగ్ టైమ్, క్లాటింగ్ టైమ్ అనే రెండు పాత పరీక్షలు చేసి అంతా బాగుందని చీటీ ఇస్తారు. హిమోఫీలియాలో బ్లీడింగ్ టైమ్ మామూలుగానే ఉంటుంది. జబ్బు స్వల్పంగా ఉంటే క్లాటింగ్ టైమ్ కూడా మామూలుగానే రావచ్చు. అనుమానం ఉన్నచోట ప్లేట్‌లెట్ల లెక్క, పీటీ, ఏపీటీటీ అనే పరీక్షలు చేయించాలి. హిమోఫీలియాలో సాధారణంగా మొదటి రెండూ బాగుండి, ఏపీటీటీ మాత్రం ఎక్కువ సెకన్లు చూపుతుంది. అప్పుడు ఎనిమిదవ, తొమ్మిదవ ఫ్యాక్టర్లు ఎంత శాతం ఉన్నాయో కొలుస్తారు. ఒక శాతం కంటే తక్కువైతే తీవ్రం, 1 నుంచి 5 అయితే మధ్యరకం, 5 నుంచి 40 అయితే స్వల్పం. జబ్బు స్వల్పంగా ఉంటే ఏపీటీటీ కూడా ఒక్కోసారి పట్టుకోలేదు. కనుక ల్యాబు కాగితం కంటే ముందు కుటుంబ చరిత్రను డాక్టరుకు వివరంగా చెప్పాలి. వనస్థలిపురం ఏరియా ఆసుపత్రిలో అడిగినా ఎక్కడికి వెళ్లాలో దారి చూపుతారు. పంజాగుట్ట నిమ్స్‌లో రక్తవ్యాధుల నిపుణులు ఉన్నారు.

జబ్బు ఉందని తేలినంత మాత్రాన సున్నత్ శాశ్వతంగా దూరమైనట్లు కాదు. ఫ్యాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి, నిపుణుల పర్యవేక్షణలో ఆసుపత్రిలో ఖత్నా చేసే వీలుంది. ఇంట్లోనో, దుకాణంలోనో, సామూహిక శిబిరంలోనో మాత్రం చేయించరాదు. ప్రాణానికి ముప్పు ఉన్నచోట వాయిదా వేయవచ్చని, ముప్పు తొలగకపోతే ఆ బాధ్యతే ఉండదని ఫుఖహా స్పష్టం చేసి ఉన్నారు. నలుగురు ఏమనుకుంటారోనన్న భయంతో బిడ్డ ప్రాణాన్ని పణం పెట్టమని ధర్మం ఎన్నడూ చెప్పలేదు.

హిజామా విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఆ పల్లెలో ఫస్ద్ చేయించుకున్న మనిషి సంగతి పాఠకులు మరచిపోరాదు. రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారు డాక్టరును అడగకుండా హిజామాకు కూర్చోరాదు. ఈ జబ్బు ఉన్న పిల్లలకు ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటి నొప్పి మాత్రలు ఇవ్వరాదు. కండలోకి సూదిమందు వేయించరాదు. పన్ను పీకించే ముందు జబ్బు సంగతి చెప్పాలి. టీకాలు మాత్రం మానరాదు. సన్నని సూదితో వేసి ఆ చోట కాసేపు గట్టిగా అదిమి పట్టమని ముందే అడగాలి. దెబ్బ తగిలితే కదలకుండా పడుకోబెట్టి, ఆ చోట అదిమి, మంచుగడ్డ పెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. తలకు దెబ్బ తగిలితే పైకి ఏమీ కనబడకపోయినా ఆలస్యం చేయరాదు.

తల్లిని నిందించడం అన్యాయం

జబ్బు తల్లి ద్వారా వస్తుందని వినగానే కొన్ని ఇళ్లలో కోడలిపై నింద మొదలవుతుంది. పుట్టింటి నుంచి రోగం తెచ్చిందని ఎత్తిపొడుస్తారు. ఇది పచ్చి జుల్మ్. జన్యువు తల్లిలో ఉన్నప్పుడు ఒక్కో కొడుకుకు జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం. ఒక్కో కూతురు వాహకురాలయ్యే అవకాశమూ సగానికి సగం. తండ్రికి జబ్బు ఉంటే కొడుకులకు రాదు, కూతుళ్లందరూ వాహకులవుతారు. వీటిలో మనిషి ఎన్నుకున్నది ఏదీ లేదు. పైగా, తీవ్రమైన హిమోఫీలియా బాలుర్లో సుమారు మూడోవంతు మందికి కుటుంబంలో పూర్వం ఎవరికీ ఆ జబ్బు ఉండదు. ఇక మేనరికాలు, దగ్గరి చుట్టరికాల సంగతి. హిమోఫీలియాకు అవి కారణం కావు. కాని ఏడు, పది, పదమూడు వంటి ఇతర ఫ్యాక్టర్ల లోపాలు దగ్గరి సంబంధాల వల్ల పిల్లల్లో బయటపడే అవకాశం పెరుగుతుంది. ఇంట్లో అలాంటి చరిత్ర ఉన్నప్పుడు నిస్బత్ ఖాయం చేసుకునే ముందు వైద్యుని సలహా తీసుకోవడం మంచిది.

చికిత్స నేడు ఎంతో ముందుకు వెళ్లింది. 1964లో అమెరికాలో జూడిత్ పూల్ అనే శాస్త్రవేత్త ప్లాస్మా నుంచి ఎనిమిదవ ఫ్యాక్టరును సులభంగా వేరుచేసే పద్ధతి కనుగొన్నారు. తర్వాత తయారు ఫ్యాక్టర్లు వచ్చాయి. 2017 నుంచి చర్మం కింద వేసే కొత్తరకం మందు వచ్చింది. మన వారు తరచూ వెళ్లే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి వైద్యులు ఐదుగురు రోగులకు జన్యుచికిత్స చేసి, ఆ ఫలితాలను 2024లో ప్రకటించారు. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో హిమోఫీలియా కూడా ఒకటి. అర్హత ఉన్న కుటుంబాలు ధ్రువపత్రం తీసుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. సరైన వైద్యం అందిన పిల్లవాడు బడికి వెళ్లగలడు, ఉద్యోగం చేయగలడు, కుటుంబాన్ని పోషించగలడు.

ప్రతి వ్యాధికీ అల్లాహ్ చికిత్సను కూడా సృష్టించాడన్నది దైవప్రవక్త (స) బోధ. ఆ చికిత్స వెదకడానికి కొందరికి ఒక జీవితకాలం సరిపోదు. అబుల్ ఖాసిం జహ్రావీ తన జీవితకాలంలో దాన్ని కనుగొనలేకపోయారు. కాని చూసినదాన్ని దాచకుండా, తెలియనిదాన్ని తెలిసినట్లు చెప్పకుండా రాసి వెళ్లారు. ఆయన అనుచరులమని చెప్పుకునే మనం చేయవలసింది కూడా అదే. ఇంట్లో జరిగినదాన్ని డాక్టరు వద్ద దాచరాదు. తెలియనిదానికి నజర్ అనో, ఎవరో చేయించారనో పేరు పెట్టరాదు. తెలిసినవారిని అడగాలి. ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దాని ప్రకారం నడుచుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మన పసిబిడ్డలను తన రక్షణలో ఉంచుగాక! ఆమీన్.